జీడిపిక్కల కోసం ఆఫ్రికాకు డబ్బు పంపాలా, మనిషిని పంపాలా?

ఉద్దానం పిక్క (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది పలాస. నాన్నగారు పెట్టిన జీడి ఫ్యాక్టరీని తొమ్మిదేళ్లుగా నేను చూసుకుంటున్నాను. పెద్దదేమీ కాదు. రోజుకు ముప్పై బస్తాలు, అంటే 80 కిలోల లెక్కన 2,400 కిలోల పిక్కలు బాయిల్ చేసి కొడతాం. పీలింగ్‌లో, గ్రేడింగ్‌లో కలిపి నలభై ఆరుగురు ఆడవాళ్లు పనిచేస్తారు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీద ఎలా పడిందో ఈ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట తోటల్లో నాన్న వయసున్న చెట్లు కూడా వేళ్లతో సహా పడిపోయాయి. తర్వాత నాటినవి ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. మన పిక్కతో నా ఫ్యాక్టరీ మూడు నెలలు కూడా నడవదు. మిగతా ఏడాదంతా ఆఫ్రికా పిక్కే. ఇన్నాళ్లూ పెద్ద దిగుమతిదారుల దగ్గర లారీ, రెండు లారీలు కొనుక్కునేవాణ్ని. వాళ్లు చెప్పిందే రేటు. నా కళ్ల ముందే మూడు చేతులు మారి వస్తుంది.

అందుకని కిందటేడు ధైర్యం చేసి ఒక బ్రోకర్ ద్వారా నేరుగా రెండు కంటైనర్లు తెప్పించాను. ఒక్కొక్కటి 15 టన్నులు. 20 శాతం అడ్వాన్స్, మిగతాది కాగితాలు బ్యాంకుకు వచ్చాక. అవుట్‌టర్న్, అంటే 80 కిలోల బస్తాకు వచ్చే మంచి పప్పు, 48 పౌండ్లని మాట. సరుకు గోదాములో దించి తలుపు తెరిస్తే పై వరసల్లో గోనెలు తడిసి బూజు పట్టి ఉన్నాయి. మా కటింగ్ మేస్త్రి పది బస్తాల్లోంచి శాంపిల్ తీసి కోశాడు. కిలో పిక్కకు 240 గ్రాముల మంచి పప్పు వచ్చింది. అంటే 43 పౌండ్లు కూడా లేదు. బస్తాకు రెండున్నర కిలోల పప్పు పోయినట్టు. రెండు కంటైనర్లకు కలిపి 375 బస్తాలు, లెక్క మీరే వేసుకోండి. అమ్మినవాడు మొదట వారం "చూస్తాం, చూస్తాం" అన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ దెబ్బకు మా వాళ్లకు ఆ ఏడాది బోనస్ సగమే ఇవ్వగలిగాను. అది చెప్పడానికి వాళ్ల ముందు నిలబడ్డ రోజు నాకు ఇంకా గుర్తుంది.

ఇప్పుడు ఇద్దరు స్నేహితులు బెనిన్‌లో ఫ్యాక్టరీ పెడదామంటున్నారు. అక్కడ ప్రభుత్వం ఇండస్ట్రియల్ జోన్ కట్టింది, పన్ను రాయితీలు ఉన్నాయి, పిక్క పక్కనే దొరుకుతుందంటారు. ముగ్గురం తలా కొంత వేసుకోవాలి. నా వాటాకు ఇల్లు బ్యాంకులో పెట్టాలి. నాన్న ఒక్క మాటే అన్నారు: "దూరపు కొండలు నునుపు రా."

నేను అడిగేది ఇది. మళ్లీ కంటైనర్లు కొనడమా? టాంజానియా వైపు చూడటమా? బెనిన్‌లో పెట్టుబడి పెట్టడమా? ఆ దేశాల్లో నిజంగా పనిచేసినవాళ్లు చెబితే వింటాను. యూట్యూబ్ వీడియోలు చూసి చూసి టెన్షన్ పెరగడమే తప్ప ఏమీ తేలలేదు.

బువాకేలో సోంపేటోడు

అన్నా, మాది సోంపేట పక్కన. పదకొండేళ్లుగా పశ్చిమ ఆఫ్రికాలో పిక్కలు కొనే పనే నాది. మొదటి తొమ్మిదేళ్లు బెనిన్‌లో పరకూ అనే ఊళ్లో, ఇప్పుడు ఐవరీ కోస్ట్‌లో బువాకేలో ఉంటున్నాను. మీ పోస్టు రెండుసార్లు చదివాను. పలాస గోదాములో మీరు చూసిన బూజును ఇక్కడ అది పుట్టేటప్పుడే నేను చూస్తుంటాను, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ఇక్కడ సీజన్ ఫిబ్రవరిలో మొదలై జూన్ దాకా ఉంటుంది. మొదట రాలిన పిక్క ఎండలో గలగలమంటుంది. మార్చి, ఏప్రిల్‌లో కొనేవాళ్లు ఎగబడతారు. మనవాళ్లు, వియత్నాం వాళ్లు, లోకల్ వాళ్లు అందరూ ఒకే బస్తా మీద పడతారు. రేటు పెరిగే కొద్దీ ఊళ్లో చిల్లరగా కొని పోగేసేవాడు పిక్క ఆరేదాకా ఆగడు. ఆగితే పక్కవాడు కొనేస్తాడు. ఆరని పిక్క తూకం కూడా ఎక్కువ. మే తర్వాత వాన పిక్క వస్తుంది, దాంట్లో పప్పు తక్కువ. దాన్ని మొదటి పిక్కలో కలిపి బస్తా కడితే పైకి ఏమీ తెలియదు. రైతు, చిల్లర కొనుగోలుదారు, ఊరి షావుకారు, గోదాము, ఎగుమతిదారు. ఇన్ని చేతులు దాటిన సరుక్కి "48 పౌండ్లు" అని చివరి వ్యక్తి రాసిచ్చిన కాగితం మీద మీరు డబ్బు పంపారు. అబద్ధం చెప్పినవాడిది తప్పే. కానీ ఆ గొలుసులో మీ మనిషి ఒక్కడూ లేడు.

ఇక కంటైనర్ లోపల పట్టే చెమట సంగతి. పిక్కలో తేమ పది శాతం దాటి ఉంటే, కంటైనర్ సముద్రం మీద నలభై యాభై రోజులు ఉడికి, పగటి వేడికి ఆవిరి లేచి, రాత్రి చల్లబడి పైకప్పు నుంచి బొట్లు బొట్లుగా కారుతుంది. పై వరస తడిసిందన్నారు కదా, అదే గుర్తు. లోపల గోడలకు మందపాటి కాగితం కట్టించాలి, తేమ పీల్చే సంచులు వేలాడదీయించాలి. ఖర్చు తక్కువే. నిలబడి చేయించుకోకపోతే ఎవరూ చేయరు.

ఇక బెనిన్. ఒక విషయం మీ స్నేహితులు చెప్పారో లేదో. 2024 ఏప్రిల్ 1 నుంచి బెనిన్ ప్రభుత్వం పచ్చి జీడిపిక్కల, అంటే తొక్క తీయని పిక్కల ఎగుమతిని ఆపేసింది. అక్కడ పండింది అక్కడే కొట్టాలి, పప్పుగానే బయటికి పోవాలి. నేను పరకూ వదిలి ఇటు రావడానికి కారణం అదే. కాబట్టి ఇప్పుడు ఎవరైనా "బెనిన్ పిక్క కంటైనర్ ఉంది" అని వాట్సాప్‌లో ఫొటో పెడితే దూరంగా ఉండండి. అది పక్క దేశం సరిహద్దు దొంగతనంగా దాటిన సరుకై ఉంటుంది, ఏ దేశపు సరుకో చెప్పే దాని ఆరిజిన్ సర్టిఫికెట్ కూడా దొంగదే అవుతుంది. రేపు వైజాగ్ కస్టమ్స్‌లో ఇరుక్కునేది మీరు.

మీవాళ్లు చెప్పే జోన్ గ్లో జిగ్బే. కొటోనూకు 45 కిలోమీటర్ల దూరం. బెనిన్ ప్రభుత్వం, ఎరైజ్ అనే కంపెనీ కలిసి కట్టాయి. నేను లోపలికి వెళ్లి చూశాను. రోడ్లు, షెడ్లు బాగున్నాయి. ఉత్తుత్తి కాగితాల జోన్ కాదు. మన దేశం వాళ్లు కూడా అక్కడ పని చేస్తున్నారు. కాబట్టి బెనిన్ మోసం అని నేను అనను. మీకు సరిపోతుందా అన్నదే నా అనుమానం.

ఎందుకంటే, అక్కడ ఫ్యాక్టరీకి ఏడాది పిక్క మొత్తం మూడు నాలుగు నెలల్లో కొని గోదాములో పెట్టుకోవాలి. మెషిన్ల కన్నా ఎక్కువ డబ్బు దానికే కావాలి. స్నేహితులు వేసిన లెక్కలో షెడ్డు, బాయిలర్, కటింగ్ మెషిన్లు ఉంటాయి. పన్నెండు నెలల పిక్క కొనే డబ్బు ఉందా? అడగండి. రెండోది, అక్కడి సీఎఫ్ఏ ఫ్రాంక్‌ను యూరోకు కట్టేశారు. ఒక యూరోకు 655.957 ఫ్రాంకులు, అది కదలదు. రైతుకు, కూలీకి ఇచ్చేది ఫ్రాంకుల్లో, పప్పు అమ్మేది డాలర్లలో. యూరో పెరిగిందంటే మీరేమీ తప్పు చేయకుండానే లాభం కరిగిపోతుంది.

మూడోది మన పలాసవాళ్లకే బాగా అర్థమవుతుంది. మన దగ్గర గుండు (విరగని పప్పు) ఒక రేటు, బద్ద ఒక రేటు, ముక్క ఒక రేటు, చివరికి సన్న నూక కూడా స్వీటు షాపుకు పోతుంది. పారేసేది ఉండదు. అక్కడ పప్పు తినే జనం తక్కువ. యూరప్, అమెరికా కొనేవాళ్లకు ముఖ్యంగా డబ్ల్యూ 320, డబ్ల్యూ 240 గుండు (పౌండుకు సుమారు అన్ని గింజలు తూగే సైజులు) కావాలి. కొత్తగా నేర్చుకున్న చేతుల్లో విరిగిన ముక్కంతా అడ్డికి పావుసేరు పోతుంది. ఆ ముక్కను పలాస తెచ్చుకుందామంటే, పప్పు మీద దిగుమతి సుంకాన్ని మన ప్రభుత్వం 2019 బడ్జెట్‌లో 45 నుంచి 70 శాతం చేసింది. మన ఫ్యాక్టరీలను కాపాడటానికి కట్టిన గోడే అది. మీరు అటువైపు నిలబడితే అది మీకే అడ్డం.

అంటే బెనిన్ ఫ్యాక్టరీ నుంచి మీ పలాస ఫ్యాక్టరీకి ఒక్క పిక్క కూడా పంపడం కుదరదు. అది వేరే వ్యాపారం. ఆ వ్యాపారం చేయాలనుంటే చేయండి, కానీ పలాసలో పిక్క కరువు తీరుతుందనుకుని ఇల్లు తాకట్టు పెట్టకండి.

నన్నడిగితే ఈ సీజన్‌కు ఒక్క కంటైనర్ చాలు. ఆ లాభంలోంచో, అప్పులోంచో విమానం టిక్కెట్ కొని మీరే రండి. ఐవరీ కోస్ట్ ఏటా సుమారు పది లక్షల టన్నులు పండిస్తోంది, ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ. సీజన్ మొదట్లో ఇక్కడి ప్రభుత్వ సంస్థ రైతుకు ఇవ్వాల్సిన కనీస ధర ప్రకటిస్తుంది. ఆ రేటు తెలిస్తే మీకు కోట్ చేసినవాడు ఎంత వేసుకున్నాడో అక్కడికక్కడే లెక్క కట్టొచ్చు. గినియా బిస్సావు పిక్క అవుట్‌టర్న్ ఇంకా బాగుంటుంది, 50 దాటుతుంది. రేటూ అలాగే ఉంటుంది.

ఇంకొకటి. అక్రాలో ఆఫ్రికన్ క్యాష్యూ అలయన్స్ అని జీడి వ్యాపారుల సంఘం ఉంది. వాళ్ల వార్షిక సమావేశానికి ఒక్కసారి వెళ్లండి. బ్రోకర్ చెప్పిన పేరు అక్కడ ఎవరికీ తెలియకపోతే మీ డబ్బు మిగిలినట్టే.

విశాఖ ఫారెక్స్ అమ్మ

బాబూ, నేను బ్యాంకులో విదేశీ మారకం విభాగంలో ఇరవై ఏడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. సోంపేట అబ్బాయి సరుకు సంగతి చెప్పాడు, నేను కాగితం సంగతి చెబుతాను.

మీరు చేసింది కాగితాలు చూసి డబ్బు చెల్లించే పద్ధతి. దానికన్నా ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే షరతుల ప్రకారం కాగితాలు వస్తే డబ్బు కడతానని అమ్మేవాడికి మీ బ్యాంకు ఇచ్చే హామీ) మేలు. కానీ ఎల్‌సీ ఉంటే సరుకు బాగుంటుందని చాలామంది అనుకుంటారు, అది తప్పు. బ్యాంకులు నడిచే యూసీపీ 600 నియమాల్లో స్పష్టంగా ఉంది: బ్యాంకు చూసేది కాగితాల్ని, సరుకును కాదు. కాగితం సరిగ్గా ఉంటే బస్తాలో రాళ్లున్నా డబ్బు కట్టాల్సిందే. నా కౌంటర్ ముందు కూర్చుని ఏడ్చిన పెద్దమనుషుల్ని చూశాను నేను. కాబట్టి మీకు కావలసిన రక్షణ అంతా కాగితంలోకి రావాలి. మీరు ఎంచుకున్న ఇన్‌స్పెక్షన్ కంపెనీ పేరు ఎల్‌సీలోనే రాయించండి. కంటైనర్‌లోకి ఎక్కించేటప్పుడు అవుట్‌టర్న్ ఇంత, తేమ ఇంతకు మించకూడదు, కిలోకు పిక్కల సంఖ్య ఇంత అని వాళ్ల సర్టిఫికెట్ ఉంటేనే చెల్లింపు. తెగుళ్లు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, పురుగులు చావడానికి మందు పొగ పట్టించారని చెప్పే ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్ ఎలాగూ ఉండాలి. ఆఖరి షిప్‌మెంట్ తేదీ మే నెల దాటకుండా పెట్టండి, వాన పిక్క తప్పుతుంది. కాంట్రాక్టులో 48 పౌండ్లకు తగ్గితే పౌండుకు ఇంత ధర తగ్గింపు, 45 కన్నా తగ్గితే సరుకు తిరస్కరించే హక్కు అని రాసుకోండి. పదిశాతం డబ్బు విశాఖలో రెండో పరీక్ష అయ్యేదాకా ఆపుకోగలిగితే ఇంకా మంచిది. అమ్మేవాడు ఒప్పుకోడంటారా? మంచి సరుకున్నవాడు బేరమాడి ఒప్పుకుంటాడు. అసలు మాట్లాడనివాడి దగ్గర కొనకండి.

సుంకం సంగతి. పచ్చి పిక్క మీద 2018 బడ్జెట్‌లో 5 నుంచి 2.5 శాతానికి తగ్గించారు. 2008 ఏప్రిల్‌లో ఢిల్లీలో జరిగిన భారత్–ఆఫ్రికా సదస్సులో వెనుకబడిన దేశాల సరుకుకు సుంకం రాయితీ ప్రకటించినప్పుడు మన్మోహన్ సింగ్ గారు చెప్పిన వస్తువుల్లో జీడి కూడా ఉంది. ఐవరీ కోస్ట్ ఆ వెనుకబడిన దేశాల జాబితాలో లేదు. టాంజానియా, మొజాంబిక్, గినియా బిస్సావు ఉన్నాయి. తొక్కతో ఉన్న పిక్క కోడ్ 0801 31, పప్పు కోడ్ 0801 32. రెండింటికీ నియమాలు వేరు. రేటు మాట్లాడుకునే ముందే కస్టమ్స్ బ్రోకర్ దగ్గర కూర్చుని ఆ రోజుకు అమల్లో ఉన్న నోటిఫికేషన్ చూపించమనండి. రాయితీ కావాలంటే ఆరిజిన్ సర్టిఫికెట్ అసలు ప్రతి ఉండాలి, సరుకు వచ్చాక తెప్పించుకుందామంటే కుదరదు.

బయటి దేశంలో పెట్టుబడికి 2022 ఆగస్టులో కొత్త నియమాలు వచ్చాయి. వ్యక్తిగా అయితే ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల లోపే. మీ రిజిస్టర్డ్ పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ నుంచి పెడితే ఫర్మ్ నికర విలువకు నాలుగు రెట్ల దాకా ఆర్‌బీఐ ముందస్తు అనుమతి అక్కర్లేదు. అయినా మీ బ్యాంకు ద్వారా ఫారం ఎఫ్‌సీ వేసి నంబర్ వచ్చాకే డబ్బు కదలాలి. షేర్లు వచ్చినట్టు రుజువు ఆరు నెలల్లో ఇవ్వాలి. తర్వాత ఏటా డిసెంబర్ 31 లోపు రిపోర్టు. ముగ్గురు స్నేహితుల్లో ఎవరైనా "అక్కడ మనవాడున్నాడు, ఇక్కడ రూపాయిలిస్తే అక్కడ ఫ్రాంకులిస్తాడు" అంటే, బాబూ, ఆ మాట విన్న రోజే ఆ భాగస్వామ్యం నుంచి బయటికి వచ్చేయండి. చట్టం సంగతి అటుంచి, ఆ డబ్బు మీదని రేపు ఏ దేశపు కోర్టులోనూ నిరూపించలేరు.

ఒకటి మాత్రం ధైర్యం చెప్పే విషయం. బెనిన్, ఐవరీ కోస్ట్, గినియా బిస్సావు అన్నీ ఒహాడా అనే ఉమ్మడి వ్యాపార చట్టం కింద ఉన్నాయి. మొత్తం 17 దేశాలకు ఒకటే కంపెనీ చట్టం, పై కోర్టు అబిజాన్‌లో ఉంది. కాగితాలు ఎక్కువగా ఫ్రెంచిలో, గినియా బిస్సావులో పోర్చుగీసులో ఉంటాయి కాబట్టి అనువాదం మీ డబ్బుతో, మీ లాయర్‌తో చేయించుకోండి. ఎదుటివాడు ఇచ్చిన అనువాదం మీద సంతకం పెట్టకండి.

దారెస్సలాం తెలుగు

టాంజానియా గురించి అడిగారు కాబట్టి రెండు ముక్కలు. ఇక్కడ కోత అక్టోబర్ నుంచి జనవరి దాకా. సోంపేట తమ్ముడు చెప్పిన పశ్చిమ ఆఫ్రికా సీజన్ ఫిబ్రవరిలో మొదలవుతుంది. మీ గోదాము ఖాళీ అయ్యే నెలలకు మా పిక్క సరిపోతుంది. రెండు వైపులా పరిచయాలుంటే ఫ్యాక్టరీ ఏడాదంతా నడుస్తుంది.

ఇక్కడ రైతు దగ్గర నేరుగా కొనడానికి లేదు. మ్త్వారా, లిండి, రువుమా ప్రాంతాల్లో రైతులు సహకార సంఘం గోదాములో పిక్క అప్పగించి రసీదు తీసుకుంటారు. ఈ గోదాము రసీదు పద్ధతి 2007లో మొదలైంది. తర్వాత వేలం. లాటు నాణ్యత ముందే పరీక్షిస్తారు, పాట అందరి ముందూ జరుగుతుంది. చిన్న కొనుగోలుదారుకు ఇది మంచిదే, ఎవరో పిక్కలో వాన పిక్క కలిపే అవకాశం తక్కువ. లాట్లు మాత్రం పెద్దవి. ఒక్క కంటైనర్ మనిషి ఎవరితోనైనా కలిసి పాడాలి. పలాసలో నలుగురు ఫ్యాక్టరీవాళ్లు కలిసి ఒక మనిషిని పంపితే ఎంత బాగుంటుందో నేను ఎప్పటినుంచో అనుకుంటున్నాను. నలుగురూ ఒకరి రేటు ఒకరికి చెప్పుకోరు, అదే బాధ.

ప్రభుత్వాల మూడ్ కూడా లెక్కలో ఉండాలి. 2018లో వ్యాపారులు తక్కువ పాడారని రైతులు అమ్మడం మానేశారు. అప్పటి అధ్యక్షుడు మగుఫులి నవంబర్‌లో సైన్యాన్ని పంపి కిలో 3,300 షిల్లింగులకు ప్రభుత్వమే కొంటుందని ప్రకటించారు. ఆర్మీ లారీలు గోదాముల ముందు నిలబడ్డాయి. కాంట్రాక్టులు చేతిలో పెట్టుకుని ఇక్కడ కూర్చున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ సీజన్ అంతా నాకు ఒక్క బస్తా కదల్లేదు. అయినా రైతు మీద నాకు కోపం రాలేదు, వాడి పిక్క ధర గురించే కదా గొడవ. అప్పటినుంచి ఒకే దేశం మీద మొత్తం డబ్బు పెట్టను.

రూపాయల్లో చెల్లింపు సంగతి కూడా మీ బ్యాంకును అడగండి. 2022 జులైలో ఆర్‌బీఐ తెచ్చిన రూపాయి ఖాతాల పద్ధతిలో టాంజానియా బ్యాంకులకూ అనుమతి ఉంది. డాలర్ దొరకని రోజుల్లో అది పనికొస్తుంది.

పీలింగ్ సెక్షన్ కూతురు

నేను వ్యాపారం చేసేదాన్ని కాదు. మా అమ్మ పలాసలో ఇరవై రెండేళ్లుగా పీలింగ్ చేస్తోంది. మీ ఫ్యాక్టరీలో కాదు, వేరే చోట. మొదట్లో కటింగ్ చేసేటప్పుడు జీడి నూనెకు ఆమె వేళ్లు నల్లగా కాలిపోయేవి. ఆ చేతులతోనే నన్ను డిగ్రీ దాకా చదివించింది.

ఈ థ్రెడ్ అమ్మకు చదివి వినిపించాను. ఆమె ఒకటే అడిగింది: "బెనిన్‌లోనే పప్పు తీసేస్తే, ఇంకో దేశమూ అలాగే ఆపేస్తే, మాకు పిక్క ఎక్కడినుంచి వస్తుంది?" నాకు జవాబు తెలియలేదు. పెట్టుబడి గురించి మాట్లాడే పెద్దలు దీనికి కూడా చెప్పాలని అడుగుతున్నాను.

బువాకేలో సోంపేటోడు

చెల్లీ, అమ్మ అడిగింది ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. నాకు తెలిసినంత చెబుతాను.

మొజాంబిక్ కథ ఒకటుంది. 1970ల మొదట్లో ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ జీడి పండించింది ఆ దేశం. సొంత ఫ్యాక్టరీలు ఉండేవి, వాటిలో ఎక్కువమంది ఆడవాళ్లే. యుద్ధం దెబ్బ తీసింది. 1990లలో ప్రపంచ బ్యాంకు అప్పు ఇస్తూ పచ్చి పిక్క ఎగుమతి మీద పన్ను తగ్గించమని షరతు పెట్టింది. పన్ను తగ్గగానే పిక్క ఓడెక్కింది. ఎక్కడికి? ఇండియాకే. కొద్ది ఏళ్లలోనే ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వేలమంది పని పోయింది. 1999లో అక్కడి పార్లమెంటు పన్ను మళ్లీ పెంచింది, కానీ అప్పటికే గేట్లకు తాళాలు. అమ్మ ఇవాళ అడిగిన ప్రశ్నే అప్పుడు అక్కడి తల్లులు అడిగి ఉంటారు. వాళ్ల దగ్గర నుంచి వచ్చిన పిక్కే మన వైపు ఫ్యాక్టరీల్లో కొట్టాం.

అందుకే బెనిన్ ఆపిందంటే నేను తిట్టుకోలేను, నా ఉద్యోగం అక్కడ పోయినా సరే. పరకూలో నా గోదాము పక్కన బరకాల మీద పిక్క ఆరబోసే ఆడవాళ్లు ఉండేవారు. సీజన్ నాలుగు నెలలే వాళ్లకు పని. ఇప్పుడు కొందరు ఫ్యాక్టరీలో ఏడాదంతా చేస్తున్నారని విన్నాను, సంతోషించాను.

మరి పలాసకు పిక్క? ఉద్దానంలో మళ్లీ నాటిన తోటలు కాపుకు రావాలి, అది మొదటిది. ఎరువు, బోరు, మంచి అంటు మొక్కల మీద ఫ్యాక్టరీవాళ్లే రైతుకు ముందుగా డబ్బు పెట్టాలి. ఆఫ్రికాలో గోదాము రైతుకు పెట్టే అడ్వాన్స్ మన రైతుకు ఎందుకు పెట్టకూడదు? రెండోది, అక్కడ పప్పు తీయడం పెరిగే కొద్దీ వాళ్లకు పీలింగ్, గ్రేడింగ్ నేర్పేవాళ్లు కావాలి. చేత్తో చూసి డబ్ల్యూ 210కీ డబ్ల్యూ 240కీ తేడా చెప్పేవాళ్లు అక్కడ చాలా తక్కువ. అమ్మ లాంటి మేస్త్రమ్మలను ఆరు నెలలకు మంచి జీతం మీద పిలిపించిన ఫ్యాక్టరీని నేను చూశాను, కేరళ నుంచి వచ్చారు వాళ్లు. పలాస నుంచి ఎందుకు రాకూడదు? పలాసలో పని తగ్గదని మాత్రం నేను అమ్మకు మాట ఇవ్వలేను.

ఉద్దానం పిక్క

అందరికీ దండాలు. మూడు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

స్నేహితులను పన్నెండు నెలల పిక్క డబ్బు ఎక్కడినుంచి వస్తుందని అడిగాను. "మొదటి కంటైనర్ పప్పు అమ్మి" అన్నారు. నాన్న వింటూ కూర్చుని, మెల్లగా లేచి లోపలికి వెళ్లిపోయారు. నేను ఆ భాగస్వామ్యంలో చేరట్లేదని నిన్న చెప్పేశాను. కొంచెం కోపం వచ్చింది వాళ్లకు, సర్దుకుంటుంది.

ఈ సీజన్‌కు ఒక్కటే కంటైనర్, ఎల్‌సీ మీద. అమ్మగారు చెప్పిన షరతులన్నీ తెలుగులో కాగితం మీద రాసుకుని బ్యాంకు మేనేజర్‌కు చూపించాను. ఆయన ఇంగ్లిష్‌లో డ్రాఫ్ట్ చేయిస్తున్నారు. దారెస్సలాం అన్నగారి మాట పట్టుకుని కాశీబుగ్గలో ఇద్దరు ఫ్యాక్టరీవాళ్లతో మాట్లాడాను. అక్టోబర్ వేలానికి కలిసి మనిషిని పంపడానికి ఒకరు ఒప్పుకున్నారు, ఇంకొకరు ఆలోచిస్తానన్నారు. రేట్లు చెప్పుకోవడం ఇద్దరికీ కొత్తే.

చెల్లీ, అమ్మకు చెప్పు. మందసలో మాకు పిక్క పోసే ఆరుగురు రైతులకు ఈ వేసవిలో అంటు మొక్కలు నా ఖర్చుతో ఇస్తున్నాను. పెద్ద సంఖ్య కాదని తెలుసు. కాపు వచ్చేదాకా ఏం చేస్తావని అమ్మ అడిగితే నా దగ్గరా జవాబు లేదు. ఫ్యాక్టరీ మూయను అన్నంతవరకు చెప్పగలను.

సోంపేట తమ్ముడూ, మార్చి రెండో వారంలో మా కటింగ్ మేస్త్రిని తీసుకుని బువాకే వస్తున్నాను. ఎల్లో ఫీవర్ టీకాకు ఇద్దరం విశాఖ వెళ్తున్నాం, ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలట కదా. ఒక్క సందేహం. శాంపిల్ కోసే కట్టర్ చెక్-ఇన్ లగేజీలో పెడితే ఆపుతారా?

బువాకేలో సోంపేటోడు

కట్టర్ తేవద్దు అన్నా, నా దగ్గర మూడున్నాయి. గ్రాముల తక్కెడ మాత్రం మీదే తెచ్చుకోండి. మేస్త్రి గారు దాన్ని పలాసలో ఒకసారి సరిచూసుకుని పెట్టుకోమనండి.